చిలక పేరు అడిగింది

మార్చి 3, మంగళవారం

అఖిల పెంగ్విన్ ప్రజలారా, అని మొదలుపెట్టబోయి ఆగాను. ఇది గురువారం వార్తాలేఖ కాదు, డైరీ. దీనికి పాఠకుడు ఒక్కడే, వాడు నా మాట నమ్మడు.

ముఖ్యాంశం: విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడే, పెంగ్విన్ గుర్తున్న మా సంఘంలో నాలుగు వందల పన్నెండు మంది ఆరు నెలలుగా ఎదురుచూస్తున్న కొత్త డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పొద్దున విడుదలైంది. లైబ్రరీలో ఇరవై రెండు కంప్యూటర్లు బతికున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. ఇవాళ ఇరవై ఒకటి చూసి, ఇరవై రెండోదాంట్లో దీన్ని ఎక్కించాను. విండోలు వెన్న మీద జారినట్టు జారుతున్నాయి. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

ఇంటికొస్తే అక్క లాప్‌టాప్‌లో నాలుగేళ్ల కిందటి వెర్షన్. లినక్స్ వార్తలు రాసేవాడి ఇంట్లో. బయటికి పొక్కితే తలెత్తుకు తిరగలేను.

అక్కని అడిగాను. అక్క బటన్ నొక్కింది, చిలక మాట్లాడింది: "గురువారానికి పాఠం దిద్ది పంపాలి. తర్వాత చూద్దాం."

భావితరాల పరిశోధకుల కోసం: అక్క స్కూలు పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుతుంది. నాలుగేళ్ల కిందట వచ్చిన జ్వరం కుడి చేతి బొటనవేలినీ మొహాన్నీ వదిలేసి మిగతా ఒంటినంతా పట్టుకుపోయింది, మాటతో సహా. చిలక అనేది ఆ మాట తిరిగి తెచ్చిన సాఫ్ట్‌వేర్. తెర మీద అక్షరాలు వరసవరసగా వెలుగుతాయి. కావలసిన వరస వెలిగినప్పుడు ఒకసారి, అక్షరం దగ్గర ఇంకోసారి నొక్కాలి. ఒకటి రెండు అక్షరాలు పడగానే మిగతా మాట అదే అందిస్తుంది, అక్క నాలుగేళ్లు కూర్చుని నేర్పింది గనక. "నో" అనేలోపే "నోరు ముయ్యరా" అంటుంది. నా మీద ఆ సాఫ్ట్‌వేర్‌కి అంత ప్రత్యేక శ్రద్ధ.

మార్చి 4, బుధవారం

బుధవారం మధ్యాహ్నాలు అమ్మ ఆస్పత్రి లాండ్రీ నుంచి తొందరగా వచ్చి అక్కని ఫిజియోథెరపీకి తీసుకెళ్తుంది. రెండున్నర గంటలు ఇల్లు నాది. "తర్వాత చూద్దాం" అంటే "వద్దు" అని కాదు కదా.

పాతదాని మీదే కొత్తది పరుచుకోవడం మామూలు మానవుల పద్ధతి. నేను డిస్క్ మొత్తం తుడిచి, కడిగిన పళ్లెంలో వడ్డించినట్టు ఎక్కించాను. అంతకుముందే అక్క ఫోల్డర్లన్నీ జాగ్రత్తగా వేరే డ్రైవ్‌లోకి లాగాను: పాఠాలు, ఫొటోలు, పాటలు, "తమ్ముడి తప్పులు" అనే ఇంకో ఫోల్డరు. అది తెరవలేదు, ధైర్యం చాల్లేదు. ఆఖరున చిలక కొత్త వెర్షన్ కూడా వేశాను.

నాలుగింటికి వచ్చారు. అక్క కుర్చీని బల్ల దగ్గరికి తోసి, బటన్ బొటనవేలి కింద పెట్టి, పెళ్లికూతుర్ని చూపించినట్టు తెర తిప్పాను.

చిలక అంది: "స్వాగతం. మీ పేరు ఏమిటి?"

అక్క తెర వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

అదే రోజు

లినక్స్‌లో పేరుకి ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు దాక్కుంటాయి. చూపించమని ప్రత్యేకంగా అడిగితే తప్ప కనబడవు. ఈ సంగతి వార్తాలేఖలో నేనే రెండుసార్లు రాశాను, ఒకసారి బొమ్మ గీసి మరీ. అక్క నేర్పిన మాటలన్నీ చుక్క పెట్టిన చిలక ఫోల్డర్‌లో ఉన్నాయి.

ఉండేవి.

అక్కతో, "కొత్త వెర్షన్‌లో ఏదో లోపం ఉన్నట్టుంది, చూస్తా," అన్నాను. అక్క సరేనన్నట్టు కళ్లు మూసి తెరిచింది. అమ్మ, "వీడు చూస్తాడులే," అంది.

మార్చి 5, గురువారం

వార్తాలేఖ వెళ్లింది, ఎప్పట్లాగే అక్కకి కూడా. కొత్త డెస్క్‌టాప్ మీద పేజీన్నర. ఆఖరున చిన్న పెట్టె: "హెచ్చరిక. చిలక కొత్త వెర్షన్‌కి మారాక వాడుకరి మాటలు మాయమైనట్టు ఒక ఇంటి నుంచి సమాచారం."

ఇందులో అబద్ధం ఎక్కడుంది? కొత్త వెర్షన్‌కి మారాం. మాయమయ్యాయి. ఇల్లు ఒకటే. ప్రతి మాటా నిజమే.

అక్క పాఠం గురువారానికి అందలేదు.

మార్చి 6, శుక్రవారం

కొత్త చిలక మాటలన్నీ వార్తాపత్రికల్లో నేర్చుకుని వచ్చింది. అక్క "అ" నొక్కితే "అధ్యక్షత వహించారు" అంటుంది. "దా" అంటే "దాఖలు చేశారు". పొద్దున నేను ఏదో వాగుతుంటే అక్క "నో" దాకా వెళ్లింది. చిలక గంభీరంగా, "నోటిఫికేషన్ విడుదల," అంది.

అక్క నవ్వింది. భుజాలు కదలవు గానీ ఆ నవ్వు పక్క గదిలోకి వినిపిస్తుంది. నేనూ నవ్వాను. ఒకరోజు సరదాగానే ఉంటుంది.

సాయంత్రానికి విసిగిపోయి తెర వైపు చూడడం మానేసింది. అమ్మ అలమరా అడుగు నుంచి అట్ట తీసింది. ఆస్పత్రి రోజులనాటి అక్షరాల అట్ట, మూల మీద మందు మరక ఇంకా ఉంది.

"అచ్చులా? క వరసా? చ వరసా?" అంటూ అమ్మ వేలు జరుపుతుంది. ఔనంటే అక్క కళ్లు మూసి తెరుస్తుంది. కాదంటే పైకప్పు చూస్తుంది. అక్షరం దొరికాక మళ్లీ, "తలకట్టా? దీర్ఘమా? గుడా? కొమ్మా? ఒత్తుందా?"

దుప్పటి తియ్యమని చెప్పడానికి రెండు నిమిషాలు. అమ్మ ఇంకా ఏమీ మర్చిపోలేదు. వేలు ఎక్కడ ఆగాలో చేతికే తెలుసు.

మార్చి 8, ఆదివారం

చెరిపిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్లు మూడు ప్రయత్నించాను. ఈ రకం డిస్క్ తుడవమంటే నిజంగానే తుడిచేస్తుంది. మాట మీద నిలబడే వస్తువు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే దొరికింది ఒకటే, డిస్క్ తయారైన తేదీ.

మార్చి 9, సోమవారం

చిలకని రాసిన మనిషి నుంచి ఉత్తరం. సంఘంలో అందరికీ "చిన్నముల్లు" అనే పేరుతోనే తెలుసు. నేను ఎవరో గడ్డం పెంచిన పెద్దమనిషి అనుకునేవాణ్ని. కింద సంతకం చూస్తే ఆవిడట.

"నమస్తే. మీ హెచ్చరిక చూశాను. నేను గడియారాలు బాగుచేస్తాను, సాయంత్రాలు మాత్రమే చిలక పని చూడగలను. మూడు సాయంత్రాలుగా మీరు చెప్పిన లోపాన్ని నా దగ్గర తెప్పించాలని చూస్తున్నాను, రావడం లేదు. ఆ వాడుకరి కంప్యూటర్‌లో చుక్క చిలక ఫోల్డర్‌లో ఏముందో జాబితా పంపగలరా? మాటలు పోగొట్టుకున్నవారికి నా తరఫున క్షమాపణ చెప్పండి."

జాబితా. రెండు ఫైళ్లు, రెండూ మార్చి నాలుగున పుట్టాయి. చూడగానే డిస్క్ తుడిచారని అర్థమైపోతుంది.

మార్చి 10, మంగళవారం

జవాబు రాయలేదు. నెట్ బాగానే ఉంది.

మార్చి 11, బుధవారం

జవాబు రాయలేదు.

మార్చి 12, గురువారం

హెచ్చరిక కింద యాభై మూడు స్పందనలు. నా వార్తాలేఖ చరిత్రలో ఇదే రికార్డు. "మా నాన్న కంప్యూటర్‌లోంచి చిలక తీసేశాం." "ఒక్క మనిషి చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని నమ్మితే ఇంతే." సంఘాధ్యక్షుడు, వృత్తిరీత్యా పళ్ల డాక్టరు, నన్ను మెచ్చుకున్నాడు: "మన పత్రిక అప్రమత్తత అభినందనీయం." చిలకకి ఈయన్ని అంటగడితే చక్కగా సంసారం చేసుకుంటారు.

చిన్నముల్లు గారు సంఘం పేజీలో ఒక ప్రకటన పెట్టింది. కొత్త వెర్షన్ ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటోందట. "నెలాఖరులోగా లోపం దొరక్కపోతే చిలకని పూర్తిగా ఆపేస్తాను. మాటలు పోగొట్టే పనిముట్టుని జనం చేతిలో పెట్టలేను."

ఈ వారం వార్తాలేఖలో దీన్నీ వెయ్యాలి. వార్త కదా. మూడు లైన్లలో వేశాను. ఎందుకు ఆపుతోందో రాయడానికి చోటు సరిపోలేదు. కొత్త వాల్‌పేపర్ల మీద రెండు పేరాలు ఉన్నాయి, వాటికి సరిపోయింది.

మార్చి 13, శుక్రవారం

అమ్మకి పని ఎక్కువై ఆలస్యమవుతుందంటే అట్ట నేను పట్టుకున్నాను. నా పద్ధతి వేరు. మూడో అక్షరానికి మాట చెప్పేస్తాను, రెండో మాటకి వాక్యం చెప్పేస్తాను.

"చి... న్న... చిన్నగా? చిన్నప్పుడు?"

పైకప్పు.

"చిన్నము... ఓ, చిన్నముల్లు. చిన్నముల్లుని తిట్టాలా? రాసుకుంటా, చెప్పు."

అక్క కళ్లు పూర్తిగా మూసేసింది. అది ఔను కాదు. తలుపు వేసేసినట్టు. అట్ట దించి కూర్చున్నాను. కాసేపటికి తెరిచింది, మళ్లీ మొదటినుంచి వెళ్లాం, ఈసారి నోరు కట్టుకుని.

"చిన్నముల్లుకి నా కంప్యూటర్ చూపించు. పాపం."

పాపం అనడానికి రెండు అక్షరాలు, ఒక దీర్ఘం, ఒక సున్నా. ఆ సున్నా దగ్గర నా వేలు చాలాసేపు ఆగిపోయింది.

"చూపిస్తా," అన్నాను.

మార్చి 14, శనివారం

ఇవాళ చెప్పేద్దామనుకున్నా. లైబ్రరీలో ప్రింటర్ పాడైంది. ప్రింటర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, రాసి ఉంచుతున్నానంతే.

మార్చి 15, ఆదివారం

అమ్మ బజారుకెళ్లింది. అక్క కిటికీ దగ్గర ఉంది.

"అక్కా, ఒక ప్రకటన."

పైకప్పు.

"సరే, ప్రకటన కాదు. చిలకలో లోపం ఏమీ లేదు. నేనే డిస్క్ తుడిచాను. తుడిచే ముందు నీ మాటలున్న ఫోల్డర్ కాపీ చెయ్యలేదు. కనబడలేదు, నేనూ చూడలేదు. తిరిగి రావు. వెతికాను. రావు."

ఇంకా ఏదో సరదాగా కలపబోయి మానేశాను.

అక్క అట్ట వైపు చూసింది. పట్టుకున్నాను. వరసలు మొదటినుంచి చూపించాను.

"ఎప్పుడు తెలిసింది."

"బుధవారం. నాలుగుంపావుకి."

"ఏ బుధవారం."

"ఆ బుధవారమే."

మళ్లీ అట్ట. చాలాసేపు పట్టింది. ఊహించలేదు, ఊహించే ధైర్యం లేదు.

"పది రోజులుగా ఆవిడ వెతుకుతోంది."

తన మాటల గురించి ఒక్క అక్షరం అడగలేదు. కళ్లు మూసేసింది.

అమ్మ సంచులతో వచ్చి మా ఇద్దర్నీ చూసి, "ఏమైందిరా?" అంది. చెప్పాను. అమ్మ కూరగాయలు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ అంతా వింది. "దానితో అబద్ధమాడావా?" అంది చివరికి. "తిరిగి తిట్టడానికి కూడా దానికి పావుగంట పడుతుందని తెలిసీ?"

మార్చి 16, సోమవారం

అక్క నాతో మాట్లాడట్లేదు. పట్టుదలగా అమ్మతో మాత్రం మాట్లాడుతోంది. అట్ట మీద ఇంత గలగలా మాట్లాడగలదని నాకు తెలీదు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపిస్తోంది: "గుడి దీర్ఘమా? ఒత్తు ఉందా? ఆహా, వాడి గురించేనా?"

మార్చి 17, మంగళవారం

సాయంత్రం అమ్మ వచ్చి, "రమ్మంటోంది," అంది. ఇంటర్వ్యూకి పిలిచినట్టు వెళ్లి నిలబడ్డాను.

"క్షమించు అక్కా."

అట్ట వైపు చూసింది. ప వరస. మొదటి అక్షరం. ప.

"పర్లేదా?" అన్నాను. ఊపిరి వదిలేశాను కూడా.

పైకప్పు.

"ప. ని. చూ. డు."

పని చూడడమంటే గురువారం వార్త. దిద్దేది తనట. ముందే రాసి పెట్టుకున్న చిత్తు తీశాను, చదవడం మొదలుపెట్టాను: "అనివార్యమైన సాంకేతిక సందర్భంలో, ఫోల్డర్ల తరలింపు విషయమై దొర్లిన స్వల్ప అశ్రద్ధ కారణంగా..."

"అనివార్యమైన" దగ్గరే పైకప్పు చూసింది. "సాంకేతిక" పోయింది. "సందర్భం" పోయింది. "స్వల్ప" దగ్గర పైకప్పుని ఎంతసేపు చూసిందంటే, బల్లి ఉందేమోనని నేనూ చూశాను. "దొర్లిన" దగ్గర అట్ట అడిగింది.

"ఎవరు దొర్లించారు."

"నేనే."

"అది రాయి."

గంటకి నాలుగు వాక్యాలు మిగిలాయి: "చిలకలో లోపం లేదు. డిస్క్ తుడిచే ముందు చుక్క ఫోల్డర్ నేను కాపీ చెయ్యలేదు, అందువల్ల మా అక్క నాలుగేళ్ల మాటలు పోయాయి. అది తెలిసి కూడా తప్పు చిలకదని రాశాను. చిన్నముల్లు గారూ, క్షమించండి."

చదివితే ఒంటి మీద బట్టల్లేనట్టు ఉంది. తను తృప్తిగా కళ్లు మూసి తెరిచింది. ఇరవై పాఠ్యపుస్తకాలు దిద్దిన కళ్లకి నా నాలుగు వాక్యాల్లో తప్పు దొరకలేదు.

అట్ట దించబోతుంటే ఆగమంది. మళ్లీ ప వరస. ఈసారి నేను నోరు విప్పలేదు.

"ప అనగానే పాత చిలక పర్లేదు అనేది. అదే ముందు వచ్చేది. నొక్కేసేదాన్ని. అన్నీ పర్లేదు కావు."

ఏవి కావు అని అడగబోయి ఊరుకున్నాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది. అమ్మ భోజనానికి పిలిచినా నేను లేవలేదు, అమ్మే వచ్చి మా పక్కన కూర్చుంది. నా చెయ్యి నొప్పెడితే అట్ట అమ్మ అందుకుంది.

అక్క చెప్పినవి ఇక్కడ రాయను.

మార్చి 19, గురువారం

వెళ్లింది. అన్నిటికన్నా పైన, పెట్టె లేకుండా, పెద్ద అక్షరాల్లో.

పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. "పత్రిక ప్రతిష్ఠ దృష్ట్యా కొంత మృదువుగా రాసి ఉండాల్సింది."

"మృదువుగానే రాశానండీ, మా అక్క పీకేసింది."

"మత్తివ్వకుండానా?" అన్నాడు. ఈయనకి హాస్యం ఉందని ఇన్నాళ్లూ తెలీలేదు.

తిట్టినవాళ్లు పద్నాలుగు మంది. చుక్క ఫోల్డర్లు తామూ ఎప్పుడూ కాపీ చెయ్యలేదని రహస్యంగా రాసినవాళ్లు ముప్ఫై ఒక్కమంది. చిన్నముల్లు గారి నుంచి ఏమీ లేదు.

మార్చి 20, శుక్రవారం

ఏమీ లేదు. పది రోజులు ఆవిడ కూడా ఇలాగే చూసి ఉంటుంది.

మార్చి 21, శనివారం

వచ్చింది.

"మీ వార్త చదివాను. చదివిన రోజు జవాబు రాసి ఉంటే మీకు మంచిది కాదు, అందుకే రెండు రోజులు ఆగాను. నావి రెండు వారాల సాయంత్రాలు పోయాయి. ఒక పెద్దాయన గోడగడియారం విప్పినది విప్పినట్టే బల్ల మీద ఉంది, రోజూ వచ్చి దాన్ని చూసి వెళ్తున్నాడు. మీ మీద కోపం ఇంకా ఉంది. అది నెమ్మదిగా పోతుంది, తొందరపెట్టకండి.

చిలకని ఆపడం లేదు.

మీ అక్కగారికి ఒక మాట. చిలకలో మొదటినుంచి ఉన్న మాటల పట్టిక నేను పత్రికల్లోంచి తీసుకున్నాను, వేరే దారి దొరకలేదు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరని నాకు తెలుసు. ఆవిడ తప్పులు దిద్దే పని చేస్తారని ఒక పాత వార్తాలేఖలో మీరే రాశారు. ఆవిడకి ఇష్టమైతే ఇళ్లల్లో మాట్లాడే మాటల పట్టిక ఒకటి తయారుచెయ్యగలరా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అధ్యక్షత వహించకుండా మంచినీళ్లు అడగగలిగితే చాలు."

అక్కకి చదివి వినిపించాను. గడియారం దగ్గర నవ్వింది. ఆఖరి వాక్యం రెండోసారి చదవమంది.

మార్చి 24, మంగళవారం

అక్క పనిలో దిగింది. అట్ట కాదు, చిలకే కావాలంది, ఖాళీదే. బటన్ కింద మెత్తటి గుడ్డ పెట్టించుకుంది. పొద్దున్నుంచి పడినవి: మంచినీళ్లు. ఇటు తిప్పు. అటు కాదు. దురద. లైటు తియ్యకు. నేను వింటున్నా. నన్ను అడగండి.

"నన్ను అడగండి" ఎందుకని అడిగాను.

"డాక్టర్లు అమ్మని అడుగుతారు నాకు నొప్పి ఉందా అని," అంది చిలక, ఆరు నిమిషాల తర్వాత.

మార్చి 27, శుక్రవారం

ఎనిమిది వందల మాటలు. తిట్లు ఒక భాగం అయ్యాయి. ఎవరికి ఏ తిట్టు ఎంత తొందరగా కావాలో లెక్కేసి వరస పెట్టింది. నేను సలహా ఇవ్వబోతే "నోటిఫికేషన్ విడుదల" అనిపించింది. కావాలని.

ఏప్రిల్ 2, గురువారం

ముఖ్యాంశం: చిలక కొత్త వెర్షన్ విడుదల. ఇళ్లల్లో మాట్లాడే మాటలు పన్నెండు వందలు. అక్క పేరు వెయ్యాలా అని చిన్నముల్లు గారు అడిగితే అక్క వద్దంది, "ఒక అక్క" అని వెయ్యమంది. వార్త దిద్దడానికి ఇచ్చాను. రెండు విశేషణాలు తీసేసింది.

ఏప్రిల్ 5, ఆదివారం

పొద్దున అక్క డ్రైవ్ ఒకటి తెప్పించమంది. రోజూ తన మాటలు వాటంతట అవే దాంట్లోకి కాపీ అయ్యేలా పెట్టాను, చుక్కలతో సహా. పాస్‌వర్డ్ పెట్టాలన్నప్పుడు చిలక, "గోడ వైపు తిరుగు," అంది. తొమ్మిది నిమిషాలు గోడ చూశాను. సున్నం మీద బీటలు కొన్ని బాగున్నాయి.

తర్వాత, "చిన్నముల్లుకి ఉత్తరం రాస్తా. బయటికెళ్లు," అంది.

"ఏదైనా కావాలంటే?"

"పిలుస్తా. తలుపు వెయ్యి."

నాలుగేళ్లుగా అక్క రాసే ప్రతి అక్షరం నా ముందే వెలిగింది. ఆ తలుపుకి గడియ ఎటు తిరుగుతుందో కూడా మర్చిపోయాను.

అమ్మా నేనూ హాల్లో కూర్చున్నాం. నేను ఇది రాస్తున్నాను. అమ్మ బట్టలు మడతపెడుతోంది, మడతపెట్టినవే మళ్లీ.

"ఏం రాస్తోందిరా?"

"తెలీదమ్మా."

"నీకు తెలీకపోవడమేంటి?"

లోపల బటన్ చప్పుడు. టక్. ఆగి, ఇంకోటి. గంట దాటింది. చప్పుడు ఆగిపోయింది. అమ్మ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

లోపల అక్క ఒక్కతే పెద్దగా నవ్వింది.

అమ్మ లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.